పెద్ద అంకెకే ముందు పీట

గుమ్మటాల్లంకలో అందరికన్నా తెలివైనవాళ్ళెవరని అడిగితే ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పేవాళ్ళు. గవర్రాజు ఇంట్లో అడిగితే మాత్రం ముగ్గురన్నదమ్ములూ ఒక్కసారే చేతులెత్తేవాళ్ళు. పెద్దవాడు గవర్రాజు, నడిమివాడు అబ్బులు, ఆఖరివాడు ఏడుకొండలు. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమే తెలివంటే, నిజమే, వాళ్ళని మించినవాళ్ళు ఉప్పుటేరుకి ఈ గట్టునా లేరు, ఆ గట్టునా లేరు.

ఓ వేసవిలో వాళ్ళమ్మ పెళ్ళికెళ్తూ, వానొస్తే తీగ మీద బట్టలు లోపలెయ్యమని చెప్పి వెళ్ళింది. వాన రాలేదు. అంతే, పదకొండు రోజులు బట్టలు తీగ మీదే ఉన్నాయి, ముగ్గురూ తువ్వాళ్ళు చుట్టుకుని తిరిగారు. ఆవిడ తిరిగొచ్చి తల బాదుకుంటే, వాన రాందే ఎలా తీస్తామమ్మా అని గవర్రాజే ఎదురడిగాడు.

ఇలాంటివాళ్ళకి కంప్యూటరు దొరికింది. ఇంకేముంది, భీమవరం వెళ్ళి ఆరు వారాలు సీ భాష నేర్చుకొచ్చారు. అది యంత్రాలకి పని చెప్పే భాష. యంత్రం రాసింది రాసినట్టు చేస్తుందే తప్ప సొంత బుర్ర వాడదని అక్కడి మేష్టారు చెప్పగానే గవర్రాజుకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ళకి తనలాంటివాడు ఒకడు దొరికాడనుకున్నాడు.

వాళ్ళ మేనత్త మంగతాయారుకి మూడెకరాల రొయ్యల చెరువుంది. ఆవిడ చెరువులో తేలే సెన్సారొకటి, గట్టు మీద పెట్టే డబ్బా ఒకటి కొంది. నీళ్ళలో ప్రాణవాయువు ఎంతుందో సెన్సారు నిమిషానికోసారి డబ్బాకి కబురు పంపుతుంది. ఆ కబురు మాటల్లో ఉండదు, వట్టి అంకెల వరస. మొదటి అంకె ఇది ఏ సంగతో చెబుతుంది, రెండోది ఆ సంగతికి ఎన్ని అంకెలో చెబుతుంది, ఆ తర్వాత అసలు సంగతి వస్తుంది. డబ్బాలోని ప్రోగ్రాము ఆ వరస విప్పి చదివి, ప్రాణవాయువు నాలుగు కన్నా తగ్గితే ఏరేటర్లు, అంటే నీళ్ళు చిలికే చక్రాలు, తిప్పాలి. ఆ ప్రోగ్రాము రాసే పని మంగతాయారు మేనల్లుళ్ళకిచ్చింది. ఊరంతా వద్దంది. చచ్చిపోయిన అన్న మొహం గుర్తొచ్చి ఇచ్చింది పాపం.

"పోయినేడు తెగులొచ్చి పంటంతా పోయింది. ఈసారీ పోతే చెరువు పూడ్చేసి కూతురింట్లో ఓ మూల కూర్చోవడమే. రొయ్యల పట్టుబడికింకా పన్నెండు రోజులుంది. నా రొయ్యలు మీ చేతుల్లో ఉన్నాయిరా" అంది.

ముగ్గురూ చేతులు చూసుకున్నారు. రొయ్యలు కనపడలేదు. అయినా పెద్దావిడ మాట కాదనలేక తలూపారు.

సెన్సారుతో వచ్చిన కాగితాన్ని గవర్రాజు చదివాడు. ప్రాణవాయువు లెక్క రెండంకెల్లో వస్తుందట. కొబ్బరికాయల మాదిరి అనుకోండి: ముందు విడికాయలు ఎన్నో చెబుతుంది, తర్వాత బస్తాలు ఎన్నో చెబుతుంది, బస్తాకి రెండువందల యాభై ఆరు కాయలు. చదివి గవర్రాజు మొహం చిట్లించాడు. చిన్నది ముందూ పెద్దది వెనకా ఏంటి? వాళ్ళింట్లో తాతగారి విస్తట్లో వడ్డించందే ఎవరూ మెతుకు ముట్టేవాళ్ళు కారు. కాగితం రాసినవాడికి పెద్దంతరం చిన్నంతరం తెలియదనీ, లేదా అచ్చుతప్పు పడిందనీ తేల్చేసి, ముందొచ్చిందే పెద్దదని ప్రోగ్రాములో రాసేశాడు. తమ్ముళ్ళిద్దరూ అన్నయ్య సంస్కారానికి మురిసిపోయారు.

డబ్బా పెట్టగానే తెర మీద పన్నెండువందల ఎనభై అని పడింది. చెరువులో ఉన్నది ఐదు. ఆ ఐదు విడికాయల్ని ఐదు బస్తాలు చేసేశాడన్నమాట.

మంగతాయారు అది చూసి గుడ్లు తేలేసింది. పక్కవాళ్ళ చెరువులో ఐదుంటే గొప్పంటారు, ఇదేంటిరా అని అడిగింది. చేసినవాళ్ళని బట్టి ఉంటుందత్తా అన్నాడు గవర్రాజు. ఆవిడ ఊరుకోలేదు, సెన్సారు కంపెనీకి ఫోన్ చెయ్యమని కూర్చుంది. కంపెనీలో వినీల అని ఓ ఇంజనీరమ్మాయి ఫోన్ తీసింది. అంతా విని, అంకె తలకిందులైందండీ, తిరగెయ్యండి చాలు అని చెప్పి పెట్టేసింది.

ఇంత చిన్న పనా అనుకున్నారు. ముగ్గురూ కలిసి డబ్బాని ఎత్తి తలకిందులుగా పెట్టారు. తీగలు దూరే కన్నం పైకొచ్చింది. అంకె చదవాలంటే మెడ వంచాలి, వంచారు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం గవర్రాజు. ఇప్పుడు ఆ కుందేలుని తిరగేసి కూడా మూడే లెక్కపెట్టాడు.

నాలుగో రోజు పొద్దున్నే మబ్బు పట్టింది. మబ్బు పడితే చెరువు నీళ్ళలో ప్రాణవాయువు పడిపోతుందని లంకల్లో పసిపిల్లలకి కూడా తెలుసు. తెర మీద వెయ్యీ ఇరవై నాలుగు పడింది, కాసేపటికి ఏడువందల అరవై ఎనిమిది. నాలుగు కన్నా తగ్గితే కదా చక్రాలు తిరగాలి, ఇంకా ఏడువందల అరవై నాలుగు ఎక్కువే ఉందని గవర్రాజు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

అంతలో సెన్సారు కాగితంలో లేని కొత్త రకం కబురొకటి పంపింది. డబ్బా బిగుసుకుపోయింది. మళ్ళీ ఫోను. తెలియని సంగతి వస్తే కంగారు పడొద్దనీ, అది ఎన్నుంటే అన్నీ లెక్కపెట్టి దాటేసి ముందుకెళ్ళాలనీ వినీల చెప్పింది. సరిగ్గా అప్పుడే కావలివాడు కాసులు గట్టు వెంట పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"రొయ్యలు గట్టుకొచ్చి తేలుతున్నాయి బాబూ."

ఏడుకొండలు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈ సంగతి అందులో లేదు. అబ్బులు వేళ్ళు మడిచి నాలుగు మాటలని తేల్చాడు. అంతే, ముగ్గురూ కాసులుని దాటుకుని నాలుగడుగులేసి ముందుకెళ్ళి నిలబడ్డారు. కాసులు నోరు తెరిచి, ఈసారి బూతులు కలిపి తొమ్మిది మాటలన్నాడు. తొమ్మిదడుగులు వేశారు. ఇక వీళ్ళతో పెట్టుకుంటే పక్క ఊరు చేరేలా ఉన్నారని వాడు మంగతాయారు ఇంటికి పరిగెత్తాడు.

ముగ్గురూ తిరిగొచ్చేసరికి డబ్బా తెర మీద పిచ్చి గీతలు. ఈసారి ఫోన్లో వినీల ప్రోగ్రామంతా చదివించుకుని విని, గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "మీరు పదహారు గళ్ళే పెట్టారండీ. వచ్చే కబురు ఇరవై అంకెలు. ఆఖరి నాలుగూ పొంగి బయట పడిపోతున్నాయి. ముందు వాటికి చోటు చూడండి" అంది.

ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టమన్నట్టు, అబ్బులు పరిగెత్తి బేసిన్ తెచ్చి డబ్బా కింద పట్టుకుని గొంతుకూర్చున్నాడు. అంతలో వాన మొదలైంది. డబ్బా అంచు మీంచి టపటపా చుక్కలు జారాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగూ దొరికాయన్నయ్యా అని అబ్బులు సంబరపడ్డాడు. దొరికినవాటిని ఏం చెయ్యాలి? ఎవరివి వాళ్ళకి అప్పజెప్పాలి. గవర్రాజు బేసిన్ అందుకుని, పైకి తేలి ఉన్న కన్నంలోంచి నాలుగు చుక్కల్నీ భక్తిగా డబ్బాలో పోశాడు.

ఇంకేముంది. డబ్బా చుయ్యిమంది, తెర ఆరింది, స్తంభం మీద ఫ్యూజు ఠప్పుమని ఎగిరిపోయింది.

మంగతాయారు వచ్చేసరికి గట్టు వారంతా రొయ్యలు మీసాలు పైకెత్తి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాయి. ఆవిడ తడిసిన గట్టు మీదే చతికిలబడి కాసేపు నీళ్ళకేసి చూసింది. ఆ మొహం చూసి గవర్రాజుకి మొదటిసారి భయమేసింది. ఏం తప్పు చేశాడో తెలియలేదు గానీ, ఏదో చేశాడని మాత్రం తెలిసింది. కాసులు ఫ్యూజు వేసే మనిషి కోసం సైకిలెక్కాడు.

"చక్రాలు తిప్పండ్రా" అంది మంగతాయారు, ఎవరితోనో అన్నట్టుగా.

కరెంటు లేదు, మోటార్లు తిరగవు. తెలివైనవాళ్ళైతే ఆ మాటే చెప్పి నిలబడేవాళ్ళు. గవర్రాజుకి మాత్రం ఆ మాటలో అర్థం కానిదేం కనపడలేదు. చొక్కాతో సహా చెరువులోకి దూకాడు, వెనకే ఇద్దరూ దూకారు. ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి తలో చక్రం పట్టుకుని చేతులతో తిప్పడం మొదలుపెట్టారు. అరచేతులు బొబ్బలెక్కాయి. వానలో కళ్ళు కనపడలేదు. ఒకటి విడిచి ఒకటి తిప్పుతూ రెండు గంటలపాటు చెరువుని చిలికారు. ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆపాలని తోచలేదు. మెల్లగా రొయ్యలు అడుక్కి దిగడం మొదలైంది. ఒకటి గవర్రాజు మోకాలికి తగిలి జారిపోయింది. వాడికి ఏడుపొచ్చింది, తన బిడ్డ తాకినట్టే అనిపించింది.

కరెంటొచ్చాక మంగతాయారు ముగ్గుర్నీ గట్టెక్కించి, కొంగుతో తలలు తుడిచి, తుడిచిన చేత్తోనే తలో మొట్టికాయా వేసింది. నవ్విందో ఏడ్చిందో ఆవిడకే తెలియదు.

మర్నాడు వినీల కొత్త డబ్బా పట్టుకుని బస్సు దిగింది. ప్రోగ్రాము తెరిచి రెండు వరసలు అటుదిటు చేసింది. తెర మీద ఐదు పడింది. చిన్నదాన్ని ముందు తీసుకుంటే పెద్దది చిన్నబుచ్చుకోదా మేడం అని గవర్రాజు మెల్లగా అడిగాడు.

"అంకెలకి వయసుండదు గవర్రాజు గారూ."

అంత లోతైన మాట గవర్రాజు తన జన్మలో వినలేదు. వెళ్ళేముందు వినీల అన్నదమ్ములకి ఒకే ఒక్క పని అప్పజెప్పింది: డబ్బా జోలికి పోకండి, అంకె నాలుగు కన్నా తగ్గితే మాత్రం రొయ్యల ప్రాణం పోతుందని గుర్తుపెట్టుకోండి. గుర్తుపెట్టుకున్నారు. వంతులేసుకుని డబ్బా ముందు కూర్చున్నారు. ఎనిమిది రోజులు అంకె ఐదు కిందికి దిగలేదు.

పట్టుబడి రోజొచ్చింది. తూములు తెరిచి నీళ్ళన్నీ వదిలేశారు, కూలీలు వలలేసి రొయ్యల్ని ఎత్తారు, కడిగి, ఐసు దట్టించి పెట్టెలకెత్తారు. నలభై పెట్టెలు. లంకలో ఆ ఏడు అంత పంట ఎవరికీ రాలేదు. మంగతాయారు తలలో పువ్వు పెట్టుకుని, లారీవాళ్ళకి మజ్జిగ కలపడానికి ఇంటికెళ్ళింది. ఖాళీ చెరువులో, బురద మీద సెన్సారు వెల్లకిలా పడుంది. చక్రాలు గాల్లో గిర్రున తిరుగుతున్నాయి.

గవర్రాజు డబ్బాకేసి చూశాడు. సున్నా.

పెట్టెల దగ్గరికి పరిగెత్తి మూత తీశాడు. తను చేతులతో బతికించిన రొయ్యలు, మీసమైనా కదపకుండా ఐసులో పడున్నాయి. అత్త ఏమైపోతుంది? కూతురింట్లో మూల కూర్చోవడమే కదా. తమ్ముళ్ళని కేకేశాడు.

మంగతాయారు మజ్జిగ బిందెతో వచ్చేసరికి ముగ్గురూ ఉప్పుటేట్లోంచి నడుముదాకా తడిసి ఎక్కి వస్తున్నారు, గవర్రాజు చేతిలో ఖాళీ పెట్టె.

"భయపడకత్తా, సమయానికి చూశాం. ఒక పెట్టెలోవి ఏట్లో వదిలేశాం, చల్లగా మునిగాయి, హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాయి" అన్నాడు గవర్రాజు, ఆయాసపడుతూనే. "ఆ బిందె కింద పెట్టి నువ్వూ ఓ చెయ్యి వెయ్యి, ఇంకా ముప్పై తొమ్మిదున్నాయి."