పెద్దాయన తరగతి

వికారి నామ సంవత్సరం, మాఘ శుద్ధ సప్తమి, శనివారం, సాయంత్రం ఆరూ నలభై. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డునున్న భుజంగరావు మాస్టారి మేడ మీదికి ఆ వేళ కుసుమ ఒక్కతే వచ్చింది. బడిలో చదువు చెప్పడం మానుకున్నాక మాస్టారు శనివారాలు, వచ్చినవాళ్ళకి ఆకాశం చూపిస్తుండేవారు. ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. భుజం మీది కండువా తీసి, మడత మార్చి, మళ్ళీ వేసుకునేవారు. ఆ తర్వాత కూడా చాలాసార్లు జవాబు వచ్చేది కాదు.

"రథసప్తమి పూట పరమాన్నం వదిలేసి ఇలా వచ్చావేమ్మా?" అన్నారాయన.

"మా ఇంట్లో పాలు పొంగలేదు మాస్టారూ," అంది కుసుమ. అని, కళ్ళు తుడుచుకుంది.

జరిగింది ఇది. క్రితం శనివారం మాస్టారు నక్షత్రాల తరగతులు చెప్పారు. గ్యాసు పొయ్యి మంటలా నీలంగా ఉన్నవి మహా వేడివి. ఆ తర్వాత తెల్లవి, పసుపువి. పిడక నిప్పులా ఎర్రగా కనిపించేవి అన్నిటికన్నా చల్లనివి. మన సూర్యుడు నడుమ ఎక్కడో పసుపు వరసలోవాడు. రాక్షస నక్షత్రాల పక్కన నిలబెడితే మరుగుజ్జు. కుసుమకి ఆ మాట భలే నచ్చింది. సప్తమి పొద్దున్న అత్తగారు రవణమ్మ తూర్పు వాకిట్లో పిడకలు పేర్చి, చిక్కుడాకులు కడిగి, పాలగిన్నె ఎత్తుతుంటే, నవ్వుతూ అనేసింది: "అత్తయ్యా, మీ పెద్దాయనది ఏ తరగతో తెలుసా? పసుపు మరుగుజ్జట!"

రవణమ్మ భర్త పేరు సూర్యనారాయణ. ఆయన పేరు నోటితో పలకకూడదని ఆవిడ ఆకాశంలో ఉన్నాయన్ని కూడా పెద్దాయన అనే పిలిచేది. ఇంట్లో ఉన్నాయన పోయాక ఆ పిలుపు మొత్తం పైవాడికే మిగిలింది. కుసుమ మాట విని ఆవిడ గిన్నె దించేసింది. "పాలు ఫ్రిజ్‌లో పెట్టెయ్యమ్మా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కోడలితో మాట్లాడలేదు. కుసుమ భర్త చెప్పులేసుకుంటూ మెల్లిగా అన్నాడు: "నాన్న పొట్టి. మరుగుజ్జు సూర్నాణ అనే పిలిచేవారు ఊళ్ళో. అమ్మ అలా పిలిచేవాళ్ళ పేరంటాలకి కూడా వెళ్ళేది కాదు." కుసుమ, మావగారు పోయిన మూడేళ్ళకి ఆ ఇంటికొచ్చిన పిల్ల. ఆమెకెలా తెలుస్తుంది?

"ఆవిడ ఇక నాతో మాట్లాడరేమో మాస్టారూ. కానీ నేను అబద్ధం చెప్పలేదుగా? అంతమందిలో ఆయనా ఓ మామూలు నక్షత్రమే అయితే, ఆ పాలు ఎవరికి పొంగిస్తున్నట్టు?"

మాస్టారు కండువా మడత మార్చారు. అవతలి ఒడ్డుకేసి చెయ్యి చూపించారు.

"ఆ దీపాలు చూడు. నక్షత్రాలనుకుని తరగతులు చెప్పు."

కుసుమ చెప్పింది. పెట్రోలు బంకువి నీలం కలిసిన తెలుపు. రోడ్డు మీదివి తెలుపు. సెల్ టవరు కొసన ఎరుపు.

"ఆ చివర?"

"అదా? పసుపు. మసగ్గా ఉంది. చెప్పుకోదగ్గదేం కాదు."

"ఎవరిల్లది?"

కుసుమ నీళ్ళ ట్యాంకు దగ్గర్నుంచి ఎడమకి ఇళ్ళు చూసుకుంటూ వెళ్ళింది. దీపం దగ్గర ఆగిపోయింది. తెల్లవి కళ్ళలో గుచ్చుకుంటాయని రవణమ్మ పట్టుబట్టి కొనిపించే పసుపు బల్బు. ఇంట్లోవాళ్ళంతా వచ్చి చెప్పులు విడిచేదాకా ఆవిడ దాన్ని ఆర్పదు. పొద్దుట్నుంచీ పలకని మనిషి, వేళకి లేచి వెళ్ళి అది వేసింది.

మాస్టారన్నారు: "తరగతి సరిగ్గానే చెప్పావమ్మా. దూరం చెప్పడం మర్చిపోయావు."

మర్నాడు తెల్లవారకముందే కుసుమ తలస్నానం చేసి తూర్పు వాకిట్లో పిడకలు పేర్చింది. రవణమ్మ గడపలో నిలబడి చూసింది.

"సప్తమి నిన్నే వెళ్ళిపోయింది కదమ్మా."

"తెలుసు అత్తయ్యా. నేనే పోగొట్టాను."

పిడకలు అంటుకోలేదు, పొగ. కుసుమ దగ్గుతుంటే ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. "అలా ఊదితే బూడిద నీ నోట్లోకే వస్తుంది. జరుగు." కర్పూరం పెట్టి రాజేసింది. పాలు పొంగి గిన్నె అంచు దాటాయి. వాడిపోయిన నిన్నటి చిక్కుడాకులోనే పరమాన్నం పెట్టి, పైకొస్తున్న ఎండకి చూపించి, ఎవరితోనో చెబుతున్నట్టు అంది రవణమ్మ: "పొట్టే. అటక మీది డబ్బాలు ఎప్పుడూ నేనే దించేదాన్ని. ఒక్కనాడూ చిన్నబుచ్చుకోలేదు." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కోడలి వైపు చూడలేదు. పరమాన్నం మాత్రం రెండో ఆకులో ఆమెకి పెట్టింది.

పొద్దెక్కాక కుసుమ స్టీలు డబ్బాలో పరమాన్నం పట్టుకుని వంతెన దాటింది. మాస్టారు కళ్ళకద్దుకున్నారు.

"ఒకరోజు ఆలస్యమైంది మాస్టారూ. దార్లో చల్లారింది కూడా."

ఆయన కండువా ముట్టుకోలేదు.

"మనం చూసే సూర్యుడు కూడా ఎప్పుడూ ఎనిమిది నిమిషాల వెనకటివాడేనమ్మా," అన్నారు.