చిరగని చోట మాసిక

తిరిగొచ్చి వారం దాటింది. గురువు ఇంకా తాళంచెవి ఊసే ఎత్తలేదు. బుర్హాన్‌కి ఒళ్ళు మండిపోతోంది. మండదా మరి? దేశదేశాలు తిరిగొచ్చినవాణ్ణి పట్టుకుని "వచ్చావా నాయనా, కాళ్ళు కడుక్కో" అని ఊరుకుంటే ఎవరికైనా మండుతుంది.

బుఖారాకి ఒక రోజు నడక దూరంలో ఉన్న ఫకీర్ల మఠం అది. అక్కడ ఓ ఆచారం ఉంది. శిష్యుడు దేశాటనకి బయల్దేరే రోజున గురువు వాడికి కొత్త ఉన్ని అంగీ తొడిగి పంపిస్తాడు. అది ఎక్కడ చిరిగితే అక్కడ, ఆ ఊరివాళ్ళని అడిగి తెచ్చుకున్న గుడ్డముక్కతో మాసిక వేసుకోవాలి. మాసికలతో తిరిగొచ్చినవాడికి ముసాఫిర్‌ఖానా తాళంచెవి ఇస్తారు. దారినపోయే బాటసారులు దిగే గది అది. ఆ తాళంచెవి ఎవరి నడుముకి ఉంటే, గురువు తర్వాత మఠానికి వాడే పెద్ద.

గురువు షేక్ దావూద్ ముసలివాడైపోయాడు. చూపు ఆనడం లేదు. అయినా తాళంచెవి ఇంకా ఆయన నడుముకే వేలాడుతోంది.

ఇక బుర్హాన్ అంగీ చూడాలి, అబ్బో! వచ్చిన రోజు తోటి శిష్యులంతా చుట్టూ మూగి నోళ్ళు వెళ్ళబెట్టారు. భుజం మీద డమాస్కస్ జరీ. గుండెల మీద షిరాజ్ ఎర్రపట్టు. వీపున ఇస్తాంబుల్ మఖమలు, చేతుల అంచులకి ఇస్ఫహాన్ నీలం అద్దకం, మధ్యమధ్యలో కైరో నారబట్ట. కింద కుడివైపు అంచున అరచెయ్యంత కాష్గర్ పట్టు, దాని మీద దానిమ్మ పువ్వు. ఎవరు ఏ మాసిక మీద వేలు పెడితే ఆ ఊరి ముచ్చట్లు మొదలయ్యేవి. చెప్పడం కూడా బాగా చెప్పేవాడు, అది ఒప్పుకోవాలి. పొయ్యి మీద కూర మాడిపోతున్నా ఒక్కడూ లేచేవాడు కాదు.

గురువు మాత్రం ఒక్క ఊరి పేరూ అడగలేదు.

ఆ రోజు పొద్దున షేక్ దావూద్ అరుగు మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. శిష్యులు అక్కడక్కడా పనుల్లో ఉన్నారు. బుర్హాన్ తిన్నగా వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

"బాబా, నేనేం తక్కువ చేశాను?"

"తక్కువ చేశావని ఎవరన్నారు నాయనా?"

"మరి తాళంచెవి?"

షేక్ దావూద్ చెయ్యి చాచాడు. "అంగీ ఇటివ్వు."

బుర్హాన్ విప్పి ఇచ్చాడు. ఆయన ఆ జరీని, ఆ పట్టుని తాకనైనా తాకలేదు. అంగీని తిరగేసి మోకాళ్ళ మీద పరుచుకున్నాడు. కళ్ళు సరిగా కనపడవు కదా, లోపలి వైపున వేళ్ళతో తడుముకుంటూ మెడ దగ్గర్నుంచి కిందిదాకా వచ్చాడు. అంచు దగ్గర వేళ్ళు ఒక్క క్షణం ఆగి, ముందుకి సాగాయి.

"ఉన్ని గట్టిదే," అన్నాడు. "ఇన్ని మాసికలు పడ్డాయి, చిరుగులేవి మరి?"

శిష్యుల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. అంతే, బుర్హాన్ ఒంటికాలి మీద లేచాడు.

"చిరక్కపోతే నా తప్పా బాబా? గట్టి ఉన్ని ఇచ్చింది మీరు! చిరిగేదాకా కూర్చుంటే ఊరు దాటిపోతుంది. గుర్తుకి ఉంటుందని కుట్టుకున్నాను. అదీ తప్పేనా?"

గురువు అంగీ మీంచి చెయ్యి తియ్యలేదు.

"నేను అబద్ధం ఆడలేదు. ఆ ఊళ్ళన్నీ ఈ కాళ్ళతోనే నడిచాను. డమాస్కస్‌లో వాన వెలిశాక పెద్ద మసీదు వాకిట్లో నిలబడితే, తడిసిన నేల మీద గోడల మీది బంగారు పనంతా అద్దంలోలా కనిపించింది. ఇస్ఫహాన్‌లో పొద్దుగూకే వేళ వంతెన కింద ముక్కూమొహం తెలియనివాళ్ళు గొంతు కలిపి పాడుతుంటే ఏడుపొచ్చింది నాకు. కైరోలో నది మీద తెల్ల తెరచాపలు పోతుంటే తిండి సంగతే మర్చిపోయాను. అంగీ చిరగలేదు కాబట్టి ఇవన్నీ ఉత్తవంటే ఒప్పుకోను. తల వంచమన్నా వంచను. చూశానంటే చూశాను!"

నన్నడిగితే, అందులో అన్యాయపు మాట ఒక్కటి లేదు. గురువు ముందు అంత నిటారుగా నిలబడి అన్నందుకైనా మెచ్చుకోవాలి.

"చూడలేదని నేనెప్పుడన్నాను?" అన్నాడు షేక్ దావూద్. శిష్యుల వైపు తిరిగి, "కత్తెర ఇలా తెండి," అన్నాడు.

అంగీని మళ్ళీ పైవైపుకి తిప్పి, భుజం మీది జరీ కింద కత్తెర దూర్చాడు. "ఇదెవరిచ్చారు?"

"డమాస్కస్‌ది."

"ఊరు అడగలేదు. ఎవరిచ్చారు?"

బుర్హాన్ చూపు పక్కకి తిప్పుకున్నాడు. "బజారులో కొన్నాను," అన్నాడు చివరికి.

దారం టకటకా తెగింది. జరీముక్క అరుగు మీద పడింది.

"ఇదో?"

"కొన్నదే."

ఎర్రపట్టు పడింది. మఖమలు పడింది. శిష్యులు పనులొదిలేసి దగ్గరికొచ్చారు. బుర్హాన్ మొహం కందగడ్డయింది. అయినా చేతులు కట్టుకుని గురువుకి ఎదురుగా చతికిలబడ్డాడు.

"తియ్యండి. అన్నీ తీసెయ్యండి. మళ్ళీ వెళ్తాను, మళ్ళీ తెస్తాను. చిరుగులే కావాలంటే ముళ్ళకంపల్లో పడి దొర్లి మరీ చింపుకొస్తాను!"

అందరూ గొల్లుమన్నారు. గురువూ నవ్వాడు. కత్తెర మాత్రం ఆపలేదు. నీలం అద్దకం పడింది, నారబట్ట పడింది. చివరికి అంచున కాష్గర్ పట్టొక్కటే మిగిలింది. కత్తెర అటు కదలగానే బుర్హాన్ కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"బాబా, అదొక్కటీ వదిలెయ్యండి."

"ఏం? ఇది కొన్నది కాదా?"

"కొన్నదే."

"మరింకేం?"

దారం తెగింది. దానిమ్మ పువ్వు ఊడి కింద పడింది. దాని కింద ఇంకో మాసిక ఉంది! నల్లటి మేకవెంట్రుకల గుడ్డ, గోనెకన్నా ముతక. కుట్లు చూస్తే వేలెడేసి, ఒకటి అటు పోతే ఒకటి ఇటు పోయింది.

"ఇదేంటయ్యా, గాడిద గంత చింపుకొచ్చావా?" అన్నాడు ఒకడు. మళ్ళీ నవ్వులు.

షేక్ దావూద్ ఆ ముతక దారం కింద కత్తెర మొన పెట్టాడు. బుర్హాన్ ఒక్క ఉదుటున ముందుకొచ్చి గురువు మణికట్టు పట్టుకున్నాడు.

నవ్వులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఆ మఠంలో గురువు చేతిని ముద్దు పెట్టుకోవడానికి తప్ప ఎవరూ ముట్టుకోరు.

"దాన్ని ముట్టుకోకండి," అన్నాడు బుర్హాన్.

"చెయ్యి వదులు."

"వదలను."

"తాళంచెవి అక్కర్లేదా?"

"అక్కర్లేదు! మీ తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. మఠంలోంచి గెంటేస్తే గెంటెయ్యండి. ఈ ముక్క మాత్రం తియ్యనివ్వను."

షేక్ దావూద్ చెయ్యి విడిపించుకోలేదు. ఇందాకటి మాటే, ఇందాకటి గొంతుతోనే అడిగాడు. "ఇదెవరిచ్చారు?"

బుర్హాన్ పట్టు సడలింది. కూలబడ్డాడు.

"ఓ ముసలావిడ. కాష్గర్ దారిలో ఒంటెల బిడారు నుంచి తప్పిపోయాను. ఎక్కడా ఏమీ లేదు, ఒక్క నల్ల గుడారం కనపడింది. గబగబా వెళ్ళాను. దూడంత కుక్క మీద పడింది. అంగీ చింపింది, పిక్క కరిచింది. ఆవిడ కర్ర పట్టుకుని వచ్చి కుక్కకి ఒకటి వేసింది, నాకొకటి వేసింది."

"నీకెందుకు?"

"కేకెయ్యకుండా వచ్చినందుకనుకుంటా. ఆవిడ భాష ఒక్క ముక్క అర్థమైతేగా! తిడుతూనే గాయం కడిగింది, తిడుతూనే కట్టు కట్టింది. కుడదామని అంగీ తీసుకుని తిరగేసింది. మాసికల వెనక చిరుగుల్లేకపోయేసరికి నన్ను చూసింది, అంగీ చూసింది, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. కుక్కని పిలిచి దానికి కూడా చూపించింది బాబా!"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"తను కప్పుకునే గంతలోంచే ఈ ముక్క కోసి కుట్టింది. కాలు మానేదాకా అక్కడే ఉన్నాను. మేకల పాలు పితికాను. నేనెవర్ని, ఎక్కడికి పోతున్నాను, ఏమీ అడగలేదు. నేను బయల్దేరిన రోజున మళ్ళీ తిట్టింది. భాష రాకపోయినా ఆ తిట్లు మాత్రం అర్థమయ్యాయి."

మొహం తుడుచుకున్నాడు.

"మరి దాని మీద పట్టు ఎందుకు కప్పావు?"

"అందరూ ఏ ఊరని అడుగుతారు. ఆ చోటికి పేరు లేదు. ఉన్నా నాకు తెలీదు. దేశాలు తిరిగొచ్చి కుక్క కరిచిన కథ చెప్పుకోవాలంటే సిగ్గేసింది."

షేక్ దావూద్ కత్తెర పక్కన పెట్టాడు. అంగీ దులిపాడు. ఒట్టి ఉన్ని, అంచున ఒకే ఒక్క నల్ల మాసిక. దాన్ని తెచ్చి బుర్హాన్ భుజాల మీద కప్పాడు.

"ఒక ఊరు చూసొచ్చావు," అన్నాడు.

బుర్హాన్ తలెత్తాడు. మొండివాడు, ఇంకా తగ్గలేదు. "మిగతావీ చూశాను బాబా."

"అవెక్కడికీ పోవులే."

అంతలో గేటు దగ్గర మఠం కుక్క గట్టిగా మొరిగింది. ఎవరో పరదేశి, దుమ్ము కొట్టుకుపోయినవాడు, మూట పట్టుకుని కొయ్యబారి నిలబడ్డాడు. బుర్హాన్ అంగీలో చేతులు దూర్చుకుంటూ పరిగెత్తాడు. కుక్క మెడపట్టె పట్టుకుని వెనక్కి లాగాడు. తర్వాత పరదేశి మీద విరుచుకుపడ్డాడు.

"కళ్ళు కనపడవా? కుక్క ఉన్న గుమ్మంలోకి కేకెయ్యకుండా వస్తారా ఎవరైనా? పిక్క ఊడొస్తే ఎవడు కడతాడు? ఇంకా నిలబడి చూస్తావేం, నడు లోపలికి! ఎప్పుడు తిన్నావో ఏమో, మొహమంతా పీక్కుపోయింది!"

ఏ ఊరని మాత్రం అడగలేదు.

గేటు దగ్గర తిట్లు ఇంకా వినపడుతూనే ఉన్నాయి. అరుగు మీద షేక్ దావూద్ నడుముకున్న తాళంచెవి విప్పి, ఊడదీసిన పట్టుముక్కల కుప్ప మీద పెట్టాడు.