మూగకొండలో మూడో గొంతు

అనగనగా మంచు వీడని ఒక లోయ. ఆ లోయలో ఏకామ్రయ్య అనే గురువు వైద్యం నేర్పేవాడు.

ఆయనకు ఇద్దరు శిష్యులు. మంత్రి కొడుకు భానుకేతుడు, పడవ నడిపేవాడి కూతురు నూకాలు. మూడేళ్ళలో మూడు పరీక్షలు పెట్టాడు. "నీ రాత వంకర" అన్నాడు నూకాలుతో ఒకసారి. "నీ యాస మొరటు" అన్నాడు ఇంకోసారి. మూడోసారి ఏ వంకా దొరక్క, "నీకు పొగరు" అన్నాడు. మూడుసార్లూ భానుకేతుడిదే పైచేయి. తాను అన్యాయం చేస్తున్నానని గురువుకు తోచనే లేదు.

ఇంతలో ఊళ్ళమీద విషజ్వరం పడింది. భానుకేతుడు వెళ్ళి వైద్యం చేశాడు. రోగులు కోలుకోలేదు, కొందరు కన్నుమూశారు.

రాజు గురువును పిలిపించాడు. "మూగకొండ గుహలో ఎవరు మాట్లాడినా ఒకటే గొంతు వినిపిస్తుందట. శిష్యులను లోపలికి పంపి, మీరు బయట కూర్చుని అడగండి. నెగ్గినవారే ఇకపై వైద్యం చేస్తారు."

మిట్టమధ్యాహ్నమైనా ఆ కొండ దగ్గర పొద్దు కనబడలేదు. పిట్ట కూయలేదు. శిష్యులు లోపలికి వెళ్ళారు.

మొదటి ప్రశ్నకు రెండు జవాబులు వచ్చాయి. రెండిటిదీ ఒకే గొంతు, ఒకే యాస. ఆడదీ కాదు, మగదీ కాదు. పాడుబావిలోంచి వచ్చినట్టు చల్లగా ఉంది. ముందు పలికిన జవాబే బాగుంది. రెండో ప్రశ్నకూ అంతే. "మా భానుకేతుడే!" అని గురువు మురిసిపోయాడు.

మూడోసారి అడిగాడు: "రోగి ఒళ్ళు కాలిపోతోంది, పాదాలు చల్లబడ్డాయి. ఏం చేస్తావు?"

"ముందు నాడి చూస్తాను. నీరసంగా ఉంటే గంజి పోస్తాను. ఆ నీరసంలో ఘాటు కషాయం పోస్తే ప్రాణం పోతుంది."

"వెంటనే ఘాటు కషాయం పట్టిస్తాను."

గురువు ఆ మాటలు గుర్తుపట్టాడు. ఆ మొదటి జవాబు నిరుడు నూకాలు రాసింది. తానే కొట్టేశాడు.

అంతలో గుహ మళ్ళీ పలికింది. లోపలున్నది ఇద్దరే. పలికింది మూడోవాడు.

"ఆ కషాయం తాగినవాణ్ణి నేను, గురువుగారూ. దానికి మీరు మొదటి స్థానం ఇచ్చారు. మరి నాకేం ఇస్తారు?"

ఏకామ్రయ్య శిష్యులను బయటికి పిలిచాడు. వాళ్ళతో వెళ్ళి రాజు ముందు మోకరిల్లాడు. "తప్పు నాది, ప్రభూ. జవాబు చూడకుండా ముఖం చూశాను. నన్ను తీసేసి, ఇక ఆ గుహనే గురువుగా పెట్టుకోండి."

నూకాలు అడ్డొచ్చింది. "గుహ ఇంటాది గానీ నేర్పదు గదండీ. నా సెయ్యట్టుకుని నాడి సూడ్డం నేర్పింది మీరే."

నూకాలు ఊరూరా తిరిగి వైద్యం చేసింది. మందుల సంచీ మోస్తూ భానుకేతుడు ఆమె వెంట నడిచి, మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాడు. జ్వరం తగ్గింది. గురువు మాత్రం ఆనాటినుంచి శిష్యుల పేరు లేని జవాబు తాటాకులే దిద్దాడు.

నేర్పేటప్పుడు మనిషిని చూడాలి. తూచేటప్పుడు మనిషిని మరవాలి.