బోనుకెదురుగా నిలబెట్టిన చార్టు

వకీలు జోగారావు గారిని జూనియర్లు ఏదైనా అడిగితే జవాబు ఒక పట్టాన రాదు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "రేపు నాతో రా" అంటారు. ఎక్కడికో, ఎందుకో చెప్పరు. ఓపిక లేనివాళ్లు ఆ ఆఫీసులో ఆర్నెల్లు కూడా నిలవలేదు.

హిమజకు ఓపిక ఉంది. ఉత్సాహం అంతకు రెట్టింపు. తన మొదటి హత్య కేసు కోసం మూడు రోజులు కూర్చుని ఒక చార్టు తయారుచేసింది. ఏ గంటకు ఎవరు ఎక్కడున్నారో రంగురంగుల గడులు, వాటిని కలుపుతూ గీత.

"సాక్షులు చెప్పింది గాల్లో కలిసిపోతుంది సార్. కంటికి కనిపించింది మనసులో నిలిచిపోతుంది. దీన్ని కోర్టులో పెడదామా?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు.

మర్నాడు ఇద్దరూ సెంట్రల్ జైలుకు బయలుదేరారు. చుట్టిన చార్టు హిమజ చంకలోనే ఉంది. దారిలో ఆయన కొంత చెప్పారు. ఏడేళ్ల కిందట ఆయన పబ్లిక్ ప్రాసిక్యూటరు. ఒక మామిడితోటలో మధ్యాహ్నం రెండున్నరకు హత్య జరిగింది. పైడన్న అనే గేదెల కాపరి తోటవైపు వెళ్తుంటే చూశానంది ఒక ముసలమ్మ. ఎప్పుడు చూసిందంటే, జూట్ మిల్లు కూత కూయగానే. ఆ కూత రోజూ రెండింటికి. అందుకని కోర్టులో పెట్టడానికి ఒక చార్టు గీసి, అందులో ఈయనే స్వయంగా "రెండు గంటలు" అని రాశారు. పైడన్న మాత్రం తాను ఏట్లో గేదెలు కడుగుతున్నానని, అక్కడొకాయన చుట్ట కూడా ఇచ్చాడని విచారణ మొదటిరోజు లబోదిబోమన్నాడు. ఎన్నింటికని అడిగితే నీళ్లు నమిలాడు. టైము చెప్పలేని మాటకు చార్టులో గడి దొరకలేదు. యావజ్జీవం పడింది.

పోయిన వేసవిలో రిటైరైన మిల్లు వాచ్‌మన్ ఒకడు అసలు సంగతి బయటపెట్టాడు. ఆ రోజు కరెంటు పోయి కూత గంట ఆలస్యమైంది. ముసలమ్మ పైడన్నను చూసింది మూడింటికి, అంటే హత్య జరిగిన అరగంటకు. అప్పీలు హైకోర్టులో ఉంది. చుట్ట ఇచ్చిన మనిషి దొరికితే పైడన్న ఇంటికి వెళ్తాడు. ఆ మనిషెవరో పైడన్న ఒక్కడికే తెలుసు.

ఊచల అవతల పైడన్న వచ్చి నిలబడ్డాడు. నలభై అయిదేళ్లకే పండిపోయిన తల. తనను జైలుకు పంపిన మనిషికే వంగి దండం పెట్టాడు. హిమజకు ఎక్కడ చూడాలో తెలియలేదు.

"ఆ రోజు ఏటికాడ నీకు చుట్ట ఇచ్చిందెవరు పైడన్నా?"

"ఏ సుట్ట బాబూ?"

"గేదెలు కడుగుతున్నానన్నావు కదయ్యా. బాగా గుర్తు తెచ్చుకో."

పైడన్న కళ్లు మూసుకున్నాడు. చూపుడువేలు దానంతటదే లేచి గాల్లో మెల్లగా ఒక గీత గీసింది.

"రెండింటికి ముసలమ్మ సూసింది. రెండుంపావుకి తోట గట్టు. రెండున్నరకి..." వేలు ఆగింది. "అక్కడ ఎర్రసుక్క బాబూ."

"అది నేను గీసిందిరా. నువ్వు చూసింది చెప్పు."

"నానే సంపేసుంటాను బాబూ. నేకపోతే అంత పెద్ద కోర్టులో అలగెందుకు గీస్తారు?"

జోగారావు గారు మరో మూడుసార్లు అడిగారు. ములాఖత్ అయిపోయిందని గంట కొట్టారు.

బయటికొచ్చాక ఆయనే, జడ్జి గారికి బాగా కనిపించాలని చార్టును సరిగ్గా బోనుకెదురుగా నిలబెట్టించానని, విచారణ పదకొండు రోజులూ అది అక్కడే ఉందని చెప్పారు. హిమజ తన చార్టును ఇంకాస్త బిగించి చుట్టింది.

"మరి జడ్జి గారు, సార్? ఆ చార్టు తప్పని ఆయనే పైడన్నకు చెప్తే ఏమైనా..."

"మొన్న ఒక పెళ్లిలో కలిశారమ్మా. కేసంతా గుర్తుచేశాను," అన్నారు జోగారావు గారు కళ్లజోడు తీస్తూ. "'ఏ చార్టు?' అన్నారు."