ఎనిమిది బెండ్లు

పరాంకుశం మాస్టారిని ప్రశ్న అడిగి, జవాబు పట్టుకుని ఇంటికి వెళ్లినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. ఆయన దగ్గర లెక్కలు నేర్చుకుని లెక్కల టీచర్లమైనవాళ్లలో నేనొకణ్ణి, హైమవతి ఒకతె. ఆయన రిటైరై పదేళ్లయినా ఏ చిక్కొచ్చినా ఆ గడపే తొక్కుతాం. చిక్కు విప్పడం మాట అటుంచి, ఆయన ఇంకో ముడి వేసి పంపుతారు.

శివరాత్రి వెళ్లిన ఆదివారం హైమవతి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. ఆమె పనిచేసే బాలికల గురుకులానికి ముప్పై కంప్యూటర్లు వచ్చాయి, వాటినిండా లెక్కల పాఠాలు. ఏ పాఠం చూడాలో పిల్లలే ఎంచుకోవచ్చు. లేదంటే టీచరు తన కంప్యూటర్ నుంచి తాళం వేసి అందరినీ ఒకే పాఠంలో నడిపించవచ్చు. ముందు ఆమె పిల్లల ఇష్టానికే వదిలింది. సగం మంది వచ్చిన పాఠమే మళ్లీ మళ్లీ చేసి తెరమీద మెప్పు చుక్కలు పోగేసుకున్నారు. పదో తరగతి చౌడేశ్వరి అయితే ఏడో పాఠం దాకా వచ్చి, ఒకనాడు వెనక్కి తిరిగి చిన్న తరగతుల భిన్నాల పాఠంలో కూర్చుంది. నాలుగు రోజులు అక్కడే. హైమవతి హడలిపోయి తాళం వేసింది. అప్పటినుంచి ఆ పిల్ల ఏడో పాఠం ముందు కూర్చుని ఒక్క లెక్కా చెయ్యకుండా 'తరువాత' అన్న మీట నొక్కుకుంటూ పోతోంది. మార్కులు సున్నా.

"పరీక్షలు నెల్లాళ్లు కూడా లేవు మాస్టారూ. ఈసారి తప్పితే బడి మాన్పించి మిరపతోటకు పంపుతానని వాళ్ల నాయన తేల్చి చెప్పినాడు. తాళం తీస్తే వెనక్కి పోతారు, వేస్తే ముందుకు రారు. ఆ తాళం నా చేతిలో ఉండాల్నా, వాళ్ల చేతిలోనా?" అంది హైమవతి.

మాస్టారు తీగమీద ఆరేసిన తువ్వాలు తీసి మడిచారు. "నీకు ఈత వచ్చునా, హైమా?"

"రాదు."

"రేప్పొద్దున ఓబన్న బావికి రా."

పాఠాల గురించి అడిగితే ఈత ఏమిటని దారంతా ఆమె నన్ను సతాయించింది. నాకు తెలిస్తేగా! అయినా మాస్టారి మాట కాదనలేక మర్నాడు తెల్లవారగానే వచ్చింది. ఓబన్నది ఊరి పక్క తోటలో మెట్లబావి. నలభై ఏళ్లుగా అడిగినవాళ్లకల్లా అందులో ఈత నేర్పుతున్నాడు. అతని దగ్గర ఎనిమిది బెండ్లు ఉన్నాయి. గుండ్రంగా కోసిన తేలిక చెక్క ముక్కలవి. తాడుకు గుచ్చి వీపుకు కడితే మనిషి మునగడు.

"ఎన్ని కట్టమంటావమ్మా?" అన్నాడు ఓబన్న.

హైమవతి తెల్లబోయింది. "నాకేం తెలుసు? నువ్వే చెప్పాల."

"దిగేది నువ్వు గదమ్మా. ఎన్నో నువ్వు చెప్పాల. ముడి జారకుండా కట్టేది నా పని."

ఆమె ఎనిమిదీ కట్టించుకుంది. ఎనిమిదింటితో మునగని మాట నిజమే కాని, ఈదడమూ కుదరదు. వీపు పైకి లేచి, కాళ్లు సరిగా ఆడక, గంగాళంలో చెంబులా ఉన్నచోటే తిరిగింది. నేను మెట్లమీద కూర్చుని నవ్వాను. గట్టునున్నవాడికి ఏం, ఎంతైనా నవ్వుతాడు. మూడో రోజు తనంతట తనే ఆరు చాలంది. ఆరో రోజు మూడింటితో ఈ గోడనుంచి ఆ గోడకు వెళ్లి వచ్చింది. ఆ పూట ఆమె మొహం చూడాలి!

బడిలో తాళం మాత్రం అలాగే ఉంది. చౌడేశ్వరి సున్నాలూ అలాగే ఉన్నాయి. వారం రోజులుగా మాస్టారు మాతోపాటు బావిగట్టున కూర్చునేవారే కాని, ఆ ఊసే ఎత్తలేదు. ఈ ఆలస్యానికి ఆ పిల్ల బలైపోతుందేమోనని నాకు లోపల్లోపల కోపంగా ఉండేది.

ఏడో రోజు మబ్బు పట్టింది. నీళ్లు నల్లగా కనిపించాయి. హైమవతి ఆఖరి మెట్టుమీద నిలబడి, చాలాసేపు నీళ్లవంక చూసి, "ఎనిమిదీ కట్టు" అంది. ఓబన్న మారుమాట లేకుండా తాడు అందుకున్నాడు.

వారంగా నోరు విప్పని మాస్టారు అప్పుడు విప్పారు. "ఓబన్నా, నిన్న మూడింటితో ఈదింది. మూడే కట్టు. వెనక్కి పోతే ఎట్లా?"

హైమవతి తాడును రెండు చేతులా పట్టుకుంది. "దిగేది నేను మాస్టారూ! నాకు ఈరోజు భయంగా ఉంది. గట్టుమీద ఉండి మీకేం తెలుస్తుంది?"

బావంతా మారుమోగింది. ఇన్నేళ్లలో ఆయన ముందు ఆమె గొంతు పెంచగా నేను చూడలేదు. ఏమవుతుందోనని లేచి నిలబడ్డాను.

"కట్టు ఓబన్నా, ఎనిమిదీ" అన్నారు మాస్టారు. కోపమేమీ లేదు.

ఆమె దిగి రెండు చుట్లు తిరిగింది. మెట్టు పట్టుకుని ఊపిరి తీసుకుని, "ఐదు తీసెయ్" అంది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "బాగానే ఉంది మాస్టారూ. ఎనిమిదీ ఎన్నటికీ విప్పనివాళ్లుంటే?"

ఆయన ఓబన్నవైపు చూశారు. ఓబన్న తల గోక్కున్నాడు. "ఒకడుండాడు సార్. ఇరవై ఏండ్లయింది. ఇప్పటికీ ఎనిమిది లేనిదే దిగడు. మా తమ్ముడే."

ఇక నేనేం అనుకోవాలి? అవునన్నట్టా, కాదన్నట్టా? మాస్టారేమో పడీపడీ నవ్వారు.

హైమవతి తడి బట్టలతో పైకి వచ్చింది. "అయితే తాళం తీసెయ్యమంటారా?"

"తాళం వేసిననాడు చౌడేశ్వరి నీమీద ఇట్లాగే అరిచిందా?"

"లేదు మాస్టారూ. ఒక్క మాటా అనలేదు. 'తరువాత' నొక్కింది."

మాస్టారు మడిచిన తువ్వాలు ఆమె చేతికిచ్చారు.

"ఇది బావి కాబట్టి నువ్వు అరిచావు. ఆ పిల్లకు అరవడానికి ఉన్నది ఆ మీట ఒక్కటే."