పేరిందేవి తిన్నని సాళ్లు

అనగనగా అంటే ఊఁ కొట్టేవాళ్లు ఉండాలి. మీరు కొడతానంటే చెబుతాను. మొల్లవరం అనే పట్నంలో, కోటగోడ పక్కన, రాజుగారి పాత ఏనుగుల దొడ్డి ఒకటి ఉండేది. ఏనుగులు వెళ్లిపోయి చాన్నాళ్లయింది. పల్లేరుకాయలు మాత్రం మిగిలాయి.

ఆ దొడ్డిని చూసినప్పుడల్లా నేతగత్తె పేరిందేవికి ప్రాణం ఉసూరుమనేది. ఏళ్ల తరబడి ఏనుగుల పెంట ఇంకిన నేల. గింజ విసిరితే చాలు, మొలుస్తుంది. ఊళ్లో చూస్తే కూరగాయలకు కటకట. ఒకనాడు ఆమె ధైర్యం చేసి రాజసభకు వెళ్లింది.

"మహారాజా, ఆ దొడ్డి ఇప్పిస్తే ఊరంతా కలిసి తోట వేసుకుంటాం. కూలి మాట లేదు. తీరినప్పుడు వచ్చి పని చేస్తాం, కావలసిన కూర కోసుకుంటాం."

సేనాపతి మూతి ముడిచాడు. ఆయనకు ఆ స్థలం గుర్రపుశాలకు కావాలి. "ఊరంతా చేస్తారంటే ఎవరూ చెయ్యరన్నమాట, ప్రభూ" అన్నాడు.

రాజు ఇద్దరికీ కలిపి ఒకే తీర్పు చెప్పాడు. "దసరా దాకా గడువు. ఆనాడు నేనే వచ్చి చూస్తాను. ప్రతి ఇంటి చెయ్యీ పడిన తోట అయితే అది ఊరిదే. లేదంటే గుర్రాలది."

ఊరు ఊరంతా కదిలింది. కమ్మరి పారలు సానపట్టి ఇచ్చాడు. గానుగ ఆడించే పుల్లమ్మ తన బావి వాడుకోమంది. ఉప్పు వర్తకుడు పెంట మోయడానికి తన గాడిదను పంపాడు. కుమ్మరి చెంగప్ప నీళ్లకు కడవలిచ్చి, తనూ వచ్చి ఒక సాలు వంగనారు నాటాడు. నాటాడు సరే, ఆ సాలు తూర్పున మొదలై ఉత్తరానికి పోయింది.

పేరిందేవి బుద్ధెరిగినప్పటి నుంచి మగ్గం ముందు కూర్చున్న మనిషి. ఒక్క పోగు పక్కకి జరిగితే ఆమెకు అన్నం సహించదు. చెంగప్ప భోజనానికి ఇంటికి వెళ్లగానే దారం లాగి కట్టి, నారంతా పెరికి, తిన్నగా మళ్లీ నాటింది. మర్నాడు చెంగప్ప వచ్చి చూసుకున్నాడు. వచ్చిన దారినే వెనక్కి వెళ్లాడు. ఆ మర్నాడు రాలేదు.

పుల్లమ్మ మిరపా బెండా కలిపి నాటింది. ఆమె అటు తిరగ్గానే పేరిందేవి వేటికవి వేరు చేసింది. పుల్లమ్మ నవ్వేసి, "నీ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ పని రాదులే వదినా" అని గానుగ దగ్గరికి వెళ్లిపోయింది.

అలా ఒక్కో ఇల్లే తగ్గింది. పేరిందేవికి ఎందుకో అర్థం కాలేదు. "ఎంత బద్ధకపు ఊరమ్మా" అని గొణుక్కుంటూ ఒక్కతే నీళ్లు మోసింది. జ్యేష్ఠమాసపు ఎండలకు ఒక్క మనిషి మోసిన నీళ్లు ఏ మూలకు వస్తాయి? మొక్కలన్నీ తల వాల్చేశాయి. వరుస తప్పకుండా, ఎంతో తిన్నగా వాల్చేశాయి.

చివరికి గాడిద కూడా దొడ్డి గుమ్మంలో మొండికేసింది. "రేపటి నుంచి నేను రాను, పేరిందమ్మా" అంది.

"నీకేమొచ్చిందే?"

"నిన్న నేను పెంట తెచ్చి బావి పక్కన దింపించాను. నువ్వు తట్టలతో ఎత్తి గోడవారకు మార్చావు. మొన్నా అంతే. నేను మోసినా మోయకపోయినా ఒకటే అయితే ఇంటి దగ్గరే గడ్డి తింటాను. గాడిదను కాబట్టి పైకి అన్నాను. ఊళ్లోవాళ్లు మర్యాదస్తులు, అనకుండా మానేశారు."

పేరిందేవి గట్టు మీద కూలబడింది. సిగ్గుతో ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తొలకరి పడిన ఉదయమే బయల్దేరి ఇల్లిల్లూ తిరిగింది.

"చెంగప్పన్నా, నీ సాలు పెరికింది నేనే. తప్పు నాది. ఈసారి నీకు వచ్చినట్టే వెయ్యి, నేను ముట్టను."

"నాకు అడ్డంగానే వస్తుందమ్మా మరి."

"రానీ. వండితే తెలుస్తుందా ఏం?"

పుల్లమ్మను, "మిరపా బెండా కలిపి ఎందుకు వేస్తారో చెప్పు వదినా, నేర్చుకుంటాను" అని అడిగింది. "నాకు మాత్రం ఏం తెలుసు? మా అమ్మ అలా వేసేది" అని పుల్లమ్మ గలగలా నవ్వింది, చీర చెంగు దోపుకుని వెంట వచ్చింది. పెంట ఎక్కడ దింపాలో గాడిదే చూపించింది.

ఆనాటి నుంచి పేరిందేవి ఒకరికి గింజలు అందించింది, ఒకరి పిల్లను ఎత్తుకుంది, ఎవరికి తీరకపోతే వాళ్ల మొక్కలకు నీళ్లు పోసింది. వంకర సాళ్లు చూసి చేతులు ఊరుకోనప్పుడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నడిచేది.

దసరా వచ్చింది. తోట అడ్డదిడ్డంగా ఉంది, నిండుగా ఉంది. సొరపాదు కోటగోడ ఎక్కి లోపలికి తొంగి చూస్తోంది.

"ఇది తోటా, సంతా?" అన్నాడు సేనాపతి.

రాజు మాత్రం జనాన్ని పిలిచి, "ఎవరు నాటిన మొక్క దగ్గర వాళ్లు నిలబడండి" అన్నాడు.

ఎవరూ వెతుక్కోలేదు. ఉత్తరానికి పోయిన సాలు తనదేనని చెంగప్పకు ఒకరు చెప్పాలా? పుల్లమ్మ మిరపల్లో ఒక కాలు, బెండల్లో ఒక కాలు వేసి నిలబడింది. రెప్పపాటులో ఊరంతా తోటలో సర్దుకుంది. దారి మధ్యలో పేరిందేవి ఒక్కతే మిగిలిపోయింది.

"ఒక ఇల్లు తక్కువ, ప్రభూ" అన్నాడు సేనాపతి సంతోషంగా. "ఈమె ఒక్క మొక్కా నాటలేదు."

పేరిందేవి చుట్టూ ఉన్న మొక్కల వంక చూసింది. ఏదో ఒక మొక్క చూపించి నాదే అంటే సరిపోయేది. "నిజమే మహారాజా" అంది. "నేను నాటినవి ఎండలకు పోయాయి. తరవాత నాటలేదు."

"ఇటు రామ్మా, నా సాలులో నిలబడు" అని చెంగప్ప కేకేశాడు. "నేను జ్వరంతో పడుంటే వీటికి నీళ్లు పోసింది నువ్వేగా."

"అటెందుకు వదినా, ఇటు రా. ఈ గింజలు నువ్విచ్చినవే" అని పుల్లమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. కమ్మరి వచ్చి రెండో చెయ్యి పట్టుకున్నాడు. పెంటకుప్ప దగ్గర నుంచి గాడిద గట్టిగా ఓండ్ర పెట్టింది.

రాజు పడీ పడీ నవ్వాడు. "ఆమె ఇల్లు తక్కువ కాలేదు సేనాపతీ, అందరి సాళ్లలోనూ ఉంది. నీ గుర్రాలకు ఇంకో చోటు చూసుకో."

ఆ పూట రాజుగారు అక్కడే ఊరివాళ్లతో కలిసి కూర్చుని బెండకాయ పులుసు తిన్నారు. కారం కాస్త ఎక్కువైనా రెండోసారి వడ్డించుకున్నారు.

కాబట్టి పిల్లలూ, పదిమందితో కలిసి చేసే పనిలో, పని తిన్నగా వచ్చిందా అని చూసుకునే ముందు, పదిమందీ రేపు మళ్లీ వస్తారా అని చూసుకోవాలి.