ఆరో గోలు తర్వాత

బాలకిషన్ గురువును వైరాగ్యం అడిగాడు. సంసారం మీద కాదు, హాకీ మీద.

గురువుల దగ్గరికి వెళ్లినవాళ్లు కోపం పోవాలనీ కోరిక పోవాలనీ అడుగుతారు. బాలకిషన్‌కు ఆ రెండూ వయసుతోపాటే చల్లబడ్డాయి. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. పొద్దున ఒక బీపీ మాత్ర, సాయంత్రం కాస్త నడక. ఇంట్లో గొడవల్లేవు. చల్లబడనిది ఒక్కటే. సికింద్రాబాదులో ఈస్ట్ క్లబ్ అని ఒక హాకీ జట్టు ఉంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ జట్టు ఎక్కడ ఆడితే అక్కడికి వెళ్లి కూర్చుంటున్నాడు.

"ఇగ నాతోటి కాదు తాతా," అన్నాడు ఒక గురువారం సాయంత్రం. "దీన్ని నా మనసులకెల్లి తీసెయ్యి."

తాత అంటే దస్తగిరి తాత. కంటోన్మెంటు వెనక గల్లీలో చిన్న దర్గా చూసుకునే సూఫీ. దూదేకుల ఇంట పుట్టాడు. డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చినా ఇప్పటికీ పరుపులకు దూది ఏకి, ఆ సంపాదనతోనే తింటాడు. ఆయన గడ్డంలో ఏది గడ్డమో ఏది దూదో చెప్పడం కష్టం. ఉపన్యాసాలు ఆయనకు చేతకావు. కొందరు ఆయన దగ్గరికి వచ్చేది అందుకే, కొందరు మళ్లీ రాకపోవడమూ అందుకే.

"ఏమైంది కిషనూ? ఓడిపోయిండ్రా?" అన్నాడు తాత, చేతిలో దూది విడదీస్తూనే.

"ఓడుడు కొత్తనా తాతా. గదానికి అలవాటు పడ్డ. ఆశ పెట్టుకునుడే చాతనైతలేదు."

ఆ మాట అంటుంటే అతని గొంతులో బాధ కంటే విసుగే ఎక్కువ వినిపించింది. దానికి కారణం ఉంది. పదిహేనేళ్ల కింద ఈస్ట్ క్లబ్ లీగ్ గెలిచింది. ముందు వరసలో ఫ్రాన్సిస్, ముత్యాలు, ఖలీల్. ముగ్గురూ కళ్లు మూసుకుని కూడా ఒకరికొకరు బంతి అందించుకునేవారు. తర్వాత ఒకరికి బ్యాంకు జట్టులో ఉద్యోగం దొరికింది, ఒకరి మోకాలు పోయింది, ఒకరికి పెళ్లయి నిజామాబాదులో హార్డ్‌వేర్ షాపు. జట్టు కుప్పకూలింది. ప్రెసిడెంటు గారు మైకు పట్టుకుని, కొత్త జట్టు కడుతున్నాం, మూడేళ్లు ఓపిక పట్టండి అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. మూడేళ్లకు ఆ కొత్త జట్టూ చెల్లాచెదురైంది. ఇంకో ప్రెసిడెంటు వచ్చి మళ్లీ మూడేళ్లు అడిగారు. ఇలా నాలుగు కొత్త జట్లు చూశాడు బాలకిషన్. నాలుగోదాని మీద నమ్మకం పెట్టడానికి అతని దగ్గర నమ్మకం మిగల్లేదు. పైగా ఈ జట్టే అన్నిటికంటే అధ్వాన్నం. రెండేళ్లుగా లీగ్ పట్టికలో అట్టడుగున ఉంది.

"మరి పోవుడు బంద్ చెయ్యి," అన్నాడు తాత.

"బంద్ చేస్త. గని ఒక పని నా మెడకు పడ్డది."

జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. క్లబ్బు సెక్రటరీ దయానంద్ అప్పగించిన పని అది. సోమవారం కమిటీ కూర్చుంటుంది. జట్టును ఇంకో ఏడాది నడపాలా, ఎత్తేసి గ్రౌండును క్రికెట్ కోచింగ్‌కు ఇచ్చేయాలా అన్నది ఆ రోజు తేలుతుంది. కమిటీలో సగం మందికి హాకీ స్టిక్కు ఏ పక్క పట్టుకోవాలో తెలియదు. అందుకే పాత అభిమాని, ఆట తెలిసిన మనిషి అని బాలకిషన్‌ను అడిగారు. పదహారు మంది ఆటగాళ్ల పేర్లు రాసి, ఎవరు పనికొస్తారో ఎవరు రారో గుర్తు పెట్టి ఇమ్మన్నారు. అతను ఎంత చెబితే అంత. ఇంటూ గుర్తులు ఎక్కువైతే జట్టు మూసేస్తారు.

"సదువు," అన్నాడు తాత.

బాలకిషన్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. చదువుతుంటే అంత అలసటలోనూ అతని గొంతులోకి కాస్త హుషారు వచ్చింది. ఆటగాళ్లను తిట్టడంలో అతనికి మంచి పేరుంది. గోల్‌కీపర్‌కు కుడి పక్క ఫరవాలేదు, ఎడమ పక్క తలుపు తీసిన ఇల్లు. సెంటర్ ఫార్వర్డ్ గోల్ ముందరి డీ గీత దాకా పులి, గీత దాటినంక పిల్లి. కెప్టెన్ విక్టర్ పాత జట్టులో మిగిలిన ఒకే ఒక్కడు, ముప్పై ఆరేళ్లు, బుర్ర ఉంది గాని కాళ్లు అయిపోయాయి. లెఫ్ట్ హాఫ్ ప్రభుదాస్ మెత్తన, దెబ్బంటే భయం. పదహారు పేర్లలో పదమూడింటికి ఇంటూ గుర్తు పడింది. కింద సంతకం ఒక్కటే మిగిలింది.

"శనివారం మ్యాచ్ ఉన్నది. అయిపోయినంక దయానంద్ సార్‌కు ఇచ్చేస్త. గదే ఆఖరు. మళ్ల గ్రౌండ్ మొఖం చూడ."

తాత దూది పక్కన పెట్టాడు. "మ్యాచ్ అయినంక వీళ్లేం జేస్తరు?"

"ఎవరు?"

"నువ్వు రాసిన పోరగాండ్లు. ఓడిపోయినంక."

బాలకిషన్ కాగితం మడిచాడు. మడతలు సరిచేశాడు. "ఏమో తాతా. నేను ఆఖరి దాక ఉండ. మూడో క్వార్టర్ అయితనే లేస్త."

"ఎందుకు?"

"బస్సులు రష్ ఐతయి."

గ్రౌండులో చూసేవాళ్లు నలభై మంది. వాళ్లందరూ ఒకే బస్సు ఎక్కినా సీట్లు మిగులుతాయి. ఆ సంగతి అతనికీ తెలుసు. అసలు సంగతేమిటంటే, నాలుగు గోల్స్ వెనకబడ్డ జట్టు చివరి పావుగంట ఆడుతుంటే చూడటానికి అతనికి ధైర్యం చాలదు. స్కోరు మర్నాడు పేపర్లో చూసుకుంటాడు. రెండేళ్లుగా అదే అలవాటు.

తాత మళ్లీ దూది అందుకున్నాడు. "శనివారం నేను గూడ వస్త," అన్నాడు.

గల్లీ చివర దాకా నడవడానికే రెండుసార్లు కూర్చునే మనిషి. బాలకిషన్ వద్దన్నాడు. వద్దంటే వినే మనిషి కాదు.

శనివారం నాలుగింటికి ఆటోలో తీసుకెళ్లాడు. స్టాండ్‌లో మూడో మెట్టు మీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టాడు. ఎండ ఇంకా తగ్గలేదు. అవతలి జట్టు ఒక బ్యాంకుది, అందరూ ఉద్యోగాలున్న ఆటగాళ్లు. బూట్లు చూస్తేనే తెలుస్తుంది.

మొదటి క్వార్టర్‌లో రెండు గోల్స్ పడ్డాయి. రెండూ గోల్‌కీపర్‌కు ఎడమ పక్కనే. "చెప్పలేదా," అన్నాడు బాలకిషన్. ఆ మాటలో సంతోషం లాంటిది ఉంది. దాన్ని అతనే గుర్తుపట్టి, నచ్చక, అటు తిరిగి దగ్గాడు.

సగం ఆటకు మూడు. సెంటర్ ఫార్వర్డ్ ఒకసారి నలుగురిని తప్పించుకుని డీలోకి వచ్చి, ఖాళీ గోల్ ముందు బంతిని బయటికి కొట్టాడు. తాత ఆట తెలియని మనిషి కదా, "భలే కొట్టిండు," అన్నాడు. బాలకిషన్ నుదురు పట్టుకున్నాడు. ప్రభుదాస్ ఎదురుగా బలమైన ఫార్వర్డ్ వచ్చిన ప్రతిసారీ అర అడుగు వెనక్కి వేస్తున్నాడు. బాలకిషన్ అదీ చూపించాడు. "చూడు తాతా, కాలు ముంగటికి పడదు. ధైర్యం రక్తంలనే లేదు."

మూడో క్వార్టర్ అయ్యేసరికి ఐదు. జనం లేవడం మొదలుపెట్టారు. బాలకిషన్ కూడా అలవాటు ప్రకారం మోకాళ్ల మీద చేతులు పెట్టాడు.

సరిగ్గా అప్పుడే భుజం మీద ఏదో వాలింది. చూస్తే తాత తల.

"తాతా," అన్నాడు మెల్లగా.

కళ్లు మూసుకుని ఉన్నాయి. ఊపిరి నిదానంగా వస్తోంది. ఎండకు అలిసిపోయి ఉంటాడు పాపం అనుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆయన కాళ్లకు మొక్కుతున్నాడు, ఆయన తల బరువెంతో మాత్రం ఎప్పుడూ తెలియదు. పెద్ద బరువేం లేదు. కానీ దాన్ని పక్కకు నెట్టి లేచే చెయ్యి అతనికి రాలేదు. రెండేళ్లలో మొదటిసారి నాలుగో క్వార్టర్‌కు కూర్చుండిపోయాడు.

ఆట మళ్లీ మొదలైన మూడు నిమిషాలకే ఆరో గోలు పడింది. స్టాండ్‌లో పదిమంది మిగిలారు. చాయ్ అమ్మేవాడు కూడా కెటిల్ సర్దుకున్నాడు. బాలకిషన్ టర్ఫ్ వైపు చూడకుండా తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. చెప్పుల్ని ఎంతసేపు చూస్తాడు? తల ఎత్తాడు.

బ్యాంకు జట్టుకు పెనాల్టీ కార్నర్ దొరికింది. హాకీలో అన్నిటికంటే కష్టమైన పని ఆ సమయంలో డిఫెండర్లది. గోల్ గీత వెనక ఐదుగురు నిలబడతారు. అవతలివాళ్లు బంతిని డీ అంచుకు తోసి, అక్కడ ఆపి, బలం కొద్దీ కొడతారు. గీత వెనక నుంచి ఒకడు సూటిగా ఆ కొట్టేవాడి మీదికే పరుగెత్తాలి. ముఖానికో మాస్కు, మోకాళ్లకు ప్యాడ్లు. మిగతా ఒళ్లంతా బంతికి ఎదురే.

మూడో క్వార్టర్ దాకా ఆ పరుగు విక్టర్‌ది. అతని కాళ్లు అలిసిపోయాక ప్రభుదాస్‌ది. అతను ఆ పని చేస్తాడని కూడా బాలకిషన్‌కు తెలియదు.

గీత మీద వంగి నిలబడ్డ అతని కాళ్లు వణుకుతున్నాయి. స్టాండ్ నుంచి కూడా కనిపిస్తోంది. కాగితంలో రాసింది అబద్ధం కాదు, అతనికి నిజంగానే భయం. బంతి కదలగానే ఆ వణికే కాళ్లతోనే పరుగెత్తాడు. బంతి వచ్చి కాలి ముందు ఎముకకు తగిలింది. ఆ చప్పుడు మూడో మెట్టు దాకా వినిపించింది.

మోకాలి కింద తగిలితే మళ్లీ పెనాల్టీ కార్నరే. అంపైర్ విజిల్ వేశాడు. విక్టర్ దగ్గరికి వచ్చి, నేను పరుగెత్తుతా, నువ్వు పక్కకు జరుగు అన్నట్టు చెయ్యి ఊపాడు. ప్రభుదాస్ తల అడ్డంగా ఊపి, కుంటుకుంటూ గీత వెనక్కి పోయి నిలబడ్డాడు.

రెండోసారి చీలమండ. కింద పడ్డాడు. లేచాడు. మళ్లీ విజిల్, మళ్లీ కార్నర్.

"ఇడిసిపెట్టు బిడ్డా," అన్నాడు బాలకిషన్. పైకే అన్నాడు. "ఏడో గోల్ పడితే ఏమైతది, ఇడిసిపెట్టు."

ప్రభుదాస్ గీత మీద వంగాడు. పక్కన విక్టర్, అయిపోయిన కాళ్లతో. వెనక గోల్‌కీపర్ ఎడమ పక్కకు రెండడుగులు జరిగి, స్తంభం దగ్గర చోటు చూసుకుంటున్నాడు. ఎవరూ గడియారం వైపు చూడటం లేదు. మూడోసారి ప్రభుదాస్ అందరికంటే ముందు చేరాడు. బంతి అతని స్టిక్కుకు తగిలి, పైకి లేచి, పక్క గీత దాటి పోయింది.

అంతే. గోలు కాలేదు. రేపు పేపర్లో ఆరు సున్నా అని ఉంటుంది. ఇది ఉండదు.

బాలకిషన్‌కు సిగ్గేసింది. అరవై ఏళ్ల మనిషికి, ఆట తెలిసిన మనిషికి, మంచి సిగ్గే వేసింది. ఇలాంటి సాయంత్రాలు రెండేళ్లలో ఎన్ని పోయాయో లెక్క కట్టబోయి మానేశాడు.

ఆట ముగిసిన హూటర్ మోగింది. ఆటగాళ్లు చేతులు కలుపుకున్నారు. తాత తల ఎత్తాడు. ఆ కళ్లలో నిద్ర ఛాయ ఏమీ లేదు.

"ఇంక ఈడనే ఉన్నవా?" అన్నాడు. "మూడో క్వార్టర్ అయితనే లేస్త అంటివి."

"ఎట్ల లేస్త తాతా? నా భుజం మీద నీ తల ఉండె."

తాత టర్ఫ్ వైపు చూశాడు. ప్రభుదాస్ ఒంటికాలి మీద నిలబడి బూటు విప్పుకుంటున్నాడు. విక్టర్ అతని చంక కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు.

"మరి వాండ్ల భుజం మీద ఎవరి తల ఉండె?" అన్నాడు తాత.

బాలకిషన్ తువ్వాలు దులిపి మడిచి తాత భుజం మీద వేశాడు. మెట్లు దిగుతుంటే సెక్రటరీ దయానంద్ ఎదురొచ్చాడు. పొద్దుననుంచి తిరుగుతున్నట్టుంది, ముఖం వాడిపోయింది.

"ఆరా? ఐపోయింది పో," అన్నాడు. "లిస్టు తెచ్చినవా అన్నా? సంతకం పెట్టినవా?"

"తెచ్చిన," అన్నాడు బాలకిషన్. చెయ్యి జేబు దాకా పోయి అక్కడే ఆగింది. "ఇయ్యలేను సార్."

"అట్లంటే ఎట్లనే? సోమవారం మీటింగు. రెండేండ్ల సంది చూస్తనే ఉన్నవు, ఇంక చూసేదేమున్నది?"

బాలకిషన్ ఒక చేత్తో గురువును పట్టుకుని చివరి మెట్టు దింపాడు. తర్వాత సెక్రటరీ వైపు తిరిగాడు.

"ఆఖరు చూడలే సార్," అన్నాడు. "ఒక్క మ్యాచ్‌ది గూడ చూడలే. మీటింగుల నేనే వచ్చి చెప్త."